పాత లారీతో మొదలైన పయనము

విశాఖపట్నము రేవు దారిలో కొంతసేపు నిలిచినవారికి పొడవైన లారీలపై ఇనుప పెట్టెలు సాగిపోవుట కనబడును. కంటైనరు అను ఆ పెట్టెను సముద్ర వాణిజ్యమునకు ఆధారముగా నిలిపినవాడు మాల్కమ్ మెక్లీన్. పనిపాటలు దొరకని కాలమున ఒక యువకుడు ఎట్లు నిలదొక్కుకొనెనో ఆతని జీవితము తెలుపును. ఆతని విజయము వలన పని కోల్పోయిన వారి కథయు అందులోనే కలదు.

మెక్లీన్ అమెరికాలోని ఉత్తర కరోలినా రాష్ట్రమున మాక్స్‌టన్ అను చిన్న ఊరిలో 1913 నవంబరు 14వ తేదీన జన్మించెను. తండ్రి సేద్యము చేయువాడు, సంతానము ఏడుగురు. బాల్యమున తల్లి యిచ్చిన కోడిగ్రుడ్లను అమ్మి, ఆమె యిచ్చు కొద్దిపాటి వాటాను పుచ్చుకొనుచుండెను. 1931లో ఉన్నత పాఠశాల చదువు ముగిసెను. కళాశాలకు పంపు స్తోమతు ఇంట లేదు. అవి ఆర్థిక మాంద్యపు దినములు. 1933 నాటికి ఆ దేశపు పనివారిలో ఇంచుమించు నాల్గవవంతు మంది నిరుద్యోగులైరి. మెక్లీన్ ఒక దుకాణమున సరకులు సర్దుచు కొంతకాలము గడిపి, పిదప రెడ్ స్ప్రింగ్స్ అను ఊరిలో పెట్రోలు బంకు నడుపు పనికి కుదిరెను.

ఆ బంకునకు 28 మైళ్ల దూరమునుండి నూనె తెచ్చు లారీవాడు ఒక్క పర్యాయమునకు 5 డాలర్లు పుచ్చుకొనుట చూచి, ఆ పని తానే చేయ నిశ్చయించెను. బంకు ఆవరణలో త్రుప్పుపట్టి పడియున్న ట్రైలరే ఆతని తొలి సాధనము. 1934లో వ్యాపారము ప్రారంభమయ్యెను. సోదరి క్లారా, సోదరుడు జిమ్ తోడైరి. ఊరివాడొకడు తన పాత మట్టిలారీని వారమునకు 3 డాలర్ల వాయిదాపై ఇచ్చెను. నిరుద్యోగులకు పని చూపుటకై రూజ్‌వెల్టు ప్రభుత్వము చేపట్టిన ప్రజాపనులలో మన్ను తోలు కాంట్రాక్టు ఆ లారీకి లభించెను. యువకుని పూనిక గొప్పదే. కాని నమ్మి లారీ నిచ్చిన వాడును, పని నిచ్చిన ప్రభుత్వమును లేకున్నచో ఆ పూనిక మొలకగానే వాడిపోయెడిది.

నడుమ గడ్డుకాలము వచ్చి, యజమాని తిరిగి తానే లారీ నడుపవలసి వచ్చెను. 1937లో హోబోకెన్ రేవున దూదిబేళ్ల లారీతో దినమెల్ల నిరీక్షించితిననియు, లారీ పెట్టెనే ఓడపైకి ఎత్తరాదా యను ఊహ అప్పుడే కలిగెననియు ఆతడు తరువాతి కాలమున చెప్పుకొనెడివాడు. 1940 నాటికి 30 లారీలుండెను. మరి పదునాలుగేండ్లకు అవి కొన్ని వందలయ్యెను. లారీల సంస్థ ఓడలను కూడ నడుపుటకు నాటి నిబంధనలు అడ్డువచ్చుటచే, 1955లో ఆతడు ఇరువది యేండ్లు పెంచిన సంస్థను విడిచి సముద్రమును నమ్ముకొనెను.

1956 ఏప్రిలు 26వ తేదీన ఐడియల్ ఎక్స్ అను ఓడ 58 పెట్టెలతో న్యూఅర్క్ రేవునుండి హ్యూస్టనునకు బయలుదేరెను. ఏడు నిమిషములకొక పెట్టె చొప్పున ఎనిమిది గంటల లోపల ఎగుమతి ముగిసెను. విడి సరకును కూలీలచే ఎక్కించినచో టన్నునకు 5 డాలర్లకు పైగా అగు ఖర్చు 16 సెంట్లలోపునకు దిగెను.

ఆ మిగులు ఎవరి నోటి కూడు? ప్రతి ఉదయము రేవున నిలిచి, పిలుపుకొరకు ఎదురుచూచి, మూటలు మోసి బ్రతికిన వేలకొలది కార్మికులది. న్యూయార్కు, లండను నగరముల పాత రేవులు క్రమముగా పాడుపడెను. అయితే ఆ కార్మికులు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. అమెరికా పడమటి తీరమున హ్యారీ బ్రిడ్జెస్ నాయకత్వమున వారి సంఘము 1960లో యజమానులతో ఒడంబడిక చేసికొనెను. యంత్రములను అడ్డగింపమని కార్మికులు అంగీకరించిరి. యజమానులు ఏటా 50 లక్షల డాలర్లు నిధికి చెల్లింపను, ఉన్నవారిని పనినుండి తొలగింపకుండను ఒప్పుకొనిరి. ముందుగా విరమించు వారికి ఆ నిధినుండి ధనము లభించెను. మూటలు మోసిన చేతులు కొన్ని క్రేనులు నడుప నేర్చెను.

మెక్లీనును కూడ కాలచక్రము విడువలేదు. మహానౌకలు కట్టించి 1986లో వందకోట్ల డాలర్లకు మించిన అప్పుతో ఆతని సంస్థ దివాలా తీసెను. ఆ పతనమున ఎందరో పని కోల్పోయిరి. అయినను 1991లో, ఎనుబదికి చేరువైన వయస్సున, మరల ఒక చిన్న నౌకాసంస్థను స్థాపించెను. 2001 మే 25వ తేదీన న్యూయార్కులో తన 87వ ఏట మరణించెను.

పట్టుదలకు ఈ జీవితము చక్కని నిదర్శనము. అంతకుమించి మరొకటి ఇందు గ్రహింపదగినది కలదు. వారమునకు 3 డాలర్ల వాయిదాతో లారీ దొరకినందుననే మెక్లీన్ లేచి నిలువగలిగెను. ఆతని పెట్టె పడద్రోసిన కార్మికునకును అట్టి ఆసరాయే కావలసివచ్చెను. లేచువానికి ఇచ్చు చేయూత పడినవానికి కూడ ఈయగల సమాజమే ప్రగతికి తగినదగును.