కీ. శే. జి. డి. నాయుడుగారు – మోటారు విద్య

దేవరకొండ నుండి డిండి మీదుగా శ్రీశైలమునకు పోవు దారి మన విద్యార్థులలో ననేకు లెఱిగినదే. మన్ననూరు దాటిన పిమ్మట ఆ దారి నల్లమల యడవిలో మలుపులు తిరుగుచు, ఎక్కుచు దిగుచు కృష్ణానది చెంతకు చేరును. ఆ మలుపులలో బస్సు డ్రైవరు ఎడమకాలితో క్లచ్చి త్రొక్కి, ఎడమచేతితో గేరు రాడ్డును మార్చుచుండగా ముందు సీటులోని బాలురు ఱెప్పవేయక చూచుచుందురు. ఇప్పుడు గేరు మార్చ నక్కఱలేని ఆటోమేటిక్ కార్లు వచ్చినవి. ఈ రెంటిలో నేది మేలు, ఏది నేర్చుకొనవలెను అను వాదము మన పాఠశాల యావరణమున తఱచు వినబడుచున్నది. ఈ వాదమున కుపకరించునని తలచి, బండి నడుపుటతో జీవిత మారంభించి యంత్రవిద్యయందు దేశఖ్యాతి గాంచిన యొక తెలుగువాని చరిత్రమును మేమిచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

గోపాలస్వామి దొరస్వామి నాయుడుగారు 1893వ సంవత్సరము మార్చి 23వ తేదీన కోయంబత్తూరు సమీపమునందలి కలంగల్ గ్రామమున జన్మించిరి. వారిది వ్యవసాయ కుటుంబము. పూర్వము తమిళదేశమునకు వలసపోయి అచ్చట నాగలి పట్టి స్థిరపడిన తెలుగువారి సంతతి వారిది. బడిచదువు వారికి రుచింపలేదు. అది ప్రాథమిక తరగతులతోనే ముగిసెను. ఈ విషయమున వారిని మన బాలురు అనుసరింప నక్కఱలేదు. బడి విడిచినను నేర్చుకొనుట విడువని వారి స్వభావమును మాత్ర మనుసరించిన చాలును.

ఒకనాడు రెవిన్యూ శాఖకు చెందిన ఆంగ్లేయోద్యోగి యొకడు మోటారు సైకిలుపై ఆ ప్రాంతమునకు వచ్చెను. ఎద్దులు గాని గుఱ్ఱము గాని లేక తనంతట పరుగిడు బండిని చూచి దొరస్వామి ఆశ్చర్యపడెను. తక్కినవారి ఆశ్చర్యము బండితోనే వెడలిపోయెను. ఇతనిది మాత్రము పోలేదు. ఇతడు ఊరు విడిచి కోయంబత్తూరు చేరి, ఒక హోటలులో వడ్డించు పనికి కుదిరి, కొన్ని సంవత్సరములు జీతము కూడబెట్టి, తుదకొక మోటారు సైకిలును కొనెను. కొన్న తరువాత చేసిన మొదటి పని దానిపై నూరేగుట కాదు. దానిని భాగము భాగముగా విప్పి, మరల కూర్చుట. ఏ భాగము ఏ పని చేయునో, అది లేనియెడల ఏమగునో వ్రేళ్లతో తెలిసికొనిన పిదపనే అతడు దానిని తనదిగా భావించెను.

పిమ్మట మొదటి ప్రపంచయుద్ధ కాలమున నాయుడుగారు ప్రత్తి వ్యాపారమున ధన మార్జించి, బొంబాయిలో ఆ ధనమును పోగొట్టుకొనిరి. రిక్తహస్తములతో తిరిగివచ్చిన వారికి కోయంబత్తూరులో సర్ రాబర్టు స్టేన్స్ దొరగారు తోడ్పడిరి. 1862లో కోయంబత్తూరున బాలబాలికలకై పాఠశాలను స్థాపించినవారు ఈ దొరగారే. ఆ తోడ్పాటుతో నాయుడుగారు ఒక మోటారు బస్సును సంపాదించి, 1920లో పొల్లాచి, పళని పట్టణముల నడుమ సుమారు 40 మైళ్ల దారిలో దానిని నడుపసాగిరి. ఆ బస్సునకు యజమాని వారే, డ్రైవరును వారే.

1920లో బండి నడుపుట యన నేమో నేటి బాలురకు కొంత వివరింపవలసియున్నది. ఇంజను ఒక పరిమితి వేగముతో తిరుగునప్పుడే చాలినంత బలమిచ్చును. నిలిచిన బండిని కదల్చుటకును, నిండు బరువుతో మిట్ట నెక్కుటకును బలము హెచ్చుగా కావలెను. చదునైన దారిలో బలము తక్కువైనను వేగము కావలెను. ఈ మార్పునకై పెద్దవియు చిన్నవియునగు పళ్లచక్రములను ఒకదానితో నొకటి జతచేయుదురు. వానినే గేర్లందురు. ఆ కాలపు గేరుపెట్టెలలో తిరుగుచున్న చక్రముల వేగములు సరిపడకయే రాడ్డును నెట్టినచో పళ్లు ఒరసికొని భయంకరమైన ధ్వని చేసెడివి, ఒక్కొక్కప్పుడు విఱిగెడివి. అందుచేత క్రింది గేరునకు దింపవలసినప్పుడు డ్రైవరు క్లచ్చి త్రొక్కి గేరును న్యూట్రలునకు తెచ్చి, క్లచ్చిని విడిచి, యాక్సిలరేటరును కొంచెము త్రొక్కి ఇంజను వేగము పెంచి, మరల క్లచ్చి త్రొక్కి, అప్పుడు క్రింది గేరు వేయవలసియుండెను. ఇదంతయు మిట్టపై బండి నిలిచిపోవు లోపల జరుగవలెను. చక్రముల వేగము చూపు సాధనమేదియు లేదు. చెవియే సాధనము.

ఆ కాలముననే వేఱొక పద్ధతియు నుండెను. 1908లో అమెరికాలో వెలువడిన ఫోర్డు టీ మోడలు కారులో గేరు రాడ్డు లేదు. నేలపై మూడు పెడళ్లు మాత్రముండెను. ఎడమదానిని పూర్తిగా త్రొక్కిన బండి మెల్లగా బలముతో కదలును, విడిచిన వేగముగా పోవును. నడిమిది వెనుకకు నడుపుటకు, కుడిది బ్రేకు. అందలి చక్రములు ఎల్లప్పుడు జతకూడియే యుండుటచేత ఒరసికొను భయము లేదు. కావున గేరు వేయు శ్రమను తగ్గింపవలెనను తలపు క్రొత్తది కాదు. మోటారు బండితో పాటు పుట్టినదే.

నాయుడుగారి యొక్క బస్సు కొలది సంవత్సరములలో పెక్కు బస్సులాయెను. యూనివర్సల్ మోటారు సర్వీసు అను వారి సంస్థ దేశములోని మిక్కిలి సమర్థములైన బస్సు సంస్థలలో నొకటియని పేరు పొందెను. మన నైజాము రాష్ట్రమున 1932లో రైల్వేశాఖవారు 27 బస్సులతోను, 166 మంది ఉద్యోగులతోను ప్రభుత్వ బస్సుల నారంభించుటకు పండ్రెండేండ్లు ముందే కోయంబత్తూరు సీమలో వారి బస్సు తిరిగినది. దారిలో చెడిన బండిని స్వయముగా బాగుచేసికొనుట యెఱిగిన వారగుటచేతనే బండ్లను చక్కగా నిలుపుకొనగలిగిరని మాకు తోచుచున్నది. చక్రము పట్టిన చేయి అంతటితో నాగలేదు. 1937లో కోయంబత్తూరునందలి పీళమేడులో బాలసుందరము నాయుడుగారి నేర్పుతో, వీరి కర్మాగారము నుండి విద్యుత్తు మోటారు వెలువడెను. పలుచని క్షౌరపు బ్లేడు, పండ్లరసము తీయు యంత్రము, కిరసనాయిలుతో తిరుగు పంఖా, ఓట్లను నమోదుచేయు యంత్రము మున్నగువానిని వీరు కల్పించిరి.

నాయుడుగారి బస్సులు కోయంబత్తూరున తిరుగుచున్న కాలముననే అమెరికాలో ఎర్ల్ థాంసన్ అను ఇంజనీరు గేరువేయు కష్టమును తగ్గించు యత్నములో నుండెను. అతని సింక్రోమెష్ పద్ధతి 1928లో కాడిలాక్ కార్లలో వచ్చెను. చక్రములు జతకూడుటకు ముందే వాని వేగములు ఒకదానితో నొకటి సరిపడునట్లు చేయుట దాని మర్మము. నేడు గేరు కార్లలో రాడ్డు చప్పుడు లేకుండ పడుచున్నదనిన అది ఈ కల్పన ఫలమే. అంతటితో తృప్తినొందక అతడును అతని తోడివారును కలసి హైడ్రామాటిక్ అను యంత్రమును సిద్ధపఱచిరి. 1939లో అది ఓల్డ్స్‌మొబిల్ కార్లలో ప్రవేశపెట్టబడెను. అందు ఇంజను బలము నూనెద్వారా చక్రములకు చేరును. నాలుగు గేర్లును తమంతట మారును. క్లచ్చి పెడలే లేదు. రెండవ ప్రపంచయుద్ధమున అమెరికావారు తేలిక టాంకులలో దీనిని వాడిరి. చేతిగేరును సుకరము చేసినవాడును, చేతిగేరు నవసరము లేకుండ చేసినవాడును ఒక్కడే యగుట గమనింపదగినది. చేతిపని మర్మమును పూర్తిగా నెఱిగినవాడే దానిని యంత్రమున కప్పగింపగలిగెను.

నాయుడుగారి విద్యాభిప్రాయములును ఇదే త్రోవలో నున్నవి. 1944లో వారు మోటారు సంస్థల వ్యవహారము నుండి విరమించి, తమ ధనమును శ్రమను విద్యకై వెచ్చించిరి. వారి కృషిచే కోయంబత్తూరులో నాటి మదరాసు గవర్నరు ఆర్థర్ హోప్ గారి పేర పాలిటెక్నికును, ఇంజనీరింగు కళాశాలయు నెలకొనెను. 1945లో నాయుడుగారే ప్రిన్సిపాలుగా నుండిరి. ప్రాథమిక తరగతులతో బడి విడిచిన వ్యక్తి ఇంజనీరింగు కళాశాల కధిపతి యగుట వింతయే. నాలుగేండ్ల చదువులో కాలము వ్యర్థమగుచున్నదనియు, రెండేండ్లు చాలుననియు వారు వాదించిరి. ప్రభుత్వము అంగీకరింపకపోగా పదవిని విడిచిరి. వారి వాదము సంపూర్ణముగా సరియైనదని మేమనము. పుస్తకములోని గణితము తెలియనివాడు క్రొత్త గేరుపెట్టెను కల్పింపలేడు. కాని చేతితో విప్పి చూడని విద్య అసంపూర్ణమని వారు చెప్పినది కాదనరానిది. ఆ కళాశాలయే తరువాత ప్రభుత్వ సాంకేతిక కళాశాలయని పేరు పొందినది. 1952లో నాయుడుగారు 2,000 రూపాయల వెలగల రెండు సీట్ల చిన్న కారును సిద్ధము చేసిరి. లైసెన్సు దొరకనందున దాని తయారీ ఆగిపోయెను. 1974 జనవరి 4వ తేదీన వారు కాలధర్మము నొందిరి.

ఇక మన వాదమునకు వత్తము. ఆటోమేటిక్ కారు సోమరులకని హేళన చేయుట తగదు. జనసమ్మర్దము గల వీథులలో క్షణక్షణము క్లచ్చి త్రొక్కు బాధను అది తప్పించును. మిట్టపై ఆగి కదలునప్పుడు బండి వెనుకకు జాఱు భయమును తగ్గించును. ఎడమకాలు బలహీనమైనవారికి పరుల సాయము లేక తిరుగు స్వాతంత్ర్యము నిచ్చును. ఒకప్పుడు ఇట్టి కార్లు ధనవంతుల ఇండ్లకే పరిమితములు. 2014లో మారుతి సెలేరియోతో, సాధారణ గేరుపెట్టెకే యంత్రహస్తము నమర్చి క్లచ్చిని గేరును తానే నడుపు పద్ధతి మన దేశమున చిన్న కార్లకును వచ్చినది. విద్యుత్తు కార్లలోనైతే సాధారణముగా మార్చవలసిన గేర్లే లేవు.

గేరు బండికిని దాని గుణములు దానికి గలవు. వెల తక్కువ. చిన్న ఊరి మెకానిక్కు సయితము బాగుచేయగలడు. బ్యాటరీ చచ్చినచో నలుగురు నెట్టి ఇంజనును కదలింపవచ్చును. ఆటోమేటిక్ బండికి సాధారణముగా అది పనికిరాదు. మన పొలములలోని ట్రాక్టర్లును, రోడ్లపైని లారీలును బస్సులును పెక్కులు నేటికిని గేరు బండ్లే గనుక, డ్రైవరు పనిని జీవనోపాధిగా కోరువారికి చేతిగేరు రాక తప్పదు.

ఇచ్చట తలిదండ్రులకు ఒక మాట. మన దేశమున మోటారు సైకిళ్లకు గేరు గలవి, లేనివి అని లైసెన్సులో భేదము కలదు. కార్లకు అట్టి భేదము లేదు. ఆటోమేటిక్ కారుపై నేర్చి లైసెన్సు పొందినవాడు మఱునాడు గేరు కారులో కూర్చుండినను చట్టము అడ్డగింపదు. అడ్డగింపవలసినవారు ఇంటివారే. ఆ పిల్లవాడు మిట్టపై క్లచ్చిని విడువ నేర్చువఱకు తాళపుచెవి ఇయ్యరాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది ఘాటు దిగుట. పెట్రోలు మిగులునని న్యూట్రలులో బండిని జాఱవిడుచు దురభ్యాసము కొందఱికి కలదు. అప్పుడు బండిని పట్టు భారమంతయు బ్రేకులపై పడును. దీర్ఘమైన దిగుడులో బ్రేకులు కాగి పట్టు తప్పును. క్రింది గేరులో నుంచినచో ఇంజనే బండిని వెనుకకు పట్టియుంచును. ఆటోమేటిక్ బండిలోను దిగుడునకు తగిన క్రింది గేరు నెంచుకొను ఏర్పాటు సాధారణముగా నుండును. దాని నెఱుగక, బండి అన్నియు తానే చేయునని బ్రేకుపై కాలుమోపి కూర్చున్నవానికి ఆపద తప్పదు. యంత్రము గేరును మార్చగలదు. ముందున్న మలుపును, దిగుడును చూడవలసినది మనమే.

2025లో కోయంబత్తూరు అవినాశి రోడ్డుపై 10 కిలోమీటర్లకు మించిన వంతెన కట్టి దానికి నాయుడుగారి పేరు పెట్టిరి. గేరు బండ్లును ఆటోమేటిక్ బండ్లును కలిసియే దానిపై పోవుచున్నవి. వానిలో నేది మేలని నాయుడుగారి నడుగు అవకాశము మనకు లేదు. కాని క్రొత్త బండి చేతికందినప్పుడు వారు చేసిన మొదటి పని యేదో మన మెఱుగుదుము. మన బాలబాలికలు ఏ బండి నేర్చినను ముందు దాని మూత తెఱచి చూచి, అందేమి జరుగుచున్నదో అడిగి తెలిసికొందురు గాక యని కోరుచు ఈ చరిత్రమును ముగించుచున్నాము.