గోలు గీతను కాచినవాడు

ఫుట్‌బాల్ ఆటలో గోలు కొట్టినవానిని లోకము భుజములమీద మోయును. గోలు పడకుండ కాచినవానిని తలంచువారు కొందరే. అట్టివాని నొకనిని ఈ నెల మనము జ్ఞాపకము చేసికొందము.

వెర్నర్ కోల్‌మయర్ 1924లో జర్మనీలోని కైజర్స్‌లౌటర్న్ పట్టణమున జన్మించెను. ఎడమ ప్రక్కను కాచు ఆటగాడై, తన ఊరి జట్టుతో 1951లోను 1953లోను జర్మనీ ఛాంపియన్ అయ్యెను.

1954లో ప్రపంచ కప్పు పోటీలు స్విట్జర్లాండులో జరిగెను. పశ్చిమ జర్మనీ జట్టు ఒక ఆటలో హంగేరీ చేతిలో 8-3 గోలులతో ఓడెను. తరువాత యుగోస్లావియాతో ఆడినప్పుడు, గోల్‌కీపరును దాటిపోయిన బంతిని కోల్‌మయర్ గీతమీదనే ఆపెను. జూలై 4న బెర్న్ నగరమున మరల హంగేరీయే ఎదురాయెను. మొదట రెండు గోలులు వెనుకబడియు, 3-2తో జర్మనులే గెలిచిరి. యుద్ధమువలన చితికిన ఆ దేశము ఆనందముతో ఉప్పొంగెను.

అయితే ఆట ముగిసిన తరువాత ఆయన త్రాగుడునకు లోబడెను. కుటుంబము విడిపోయెను, ధనము కరగిపోయెను. తుదకు మైన్జ్ నగరములో ఒక పత్రికా కార్యాలయమున గుమ్మము కాయు పనిలో కుదిరెను. 1974 మార్చి 26న, 49 ఏండ్ల ప్రాయమున, గుండె ఆగి మరణించెను. ఫైనలు ఆడిన ఆ పదునొకండుగురిలో మొదట కన్నుమూసినవాడు ఆయనయే. ఆ జూలైలోనే పశ్చిమ జర్మనీ రెండవసారి కప్పు గెలిచెను.

గెలిచిన దినమున చప్పట్లు కొట్టుట సులభము. పడిన దినమున చేయి అందించుట కష్టము. మన పొరుగున నట్టివాడున్నయెడల, అతని గుమ్మము దాటి పోకుందము.