చదరంగపు లెక్క తెలిగించిన పావులూరి మల్లన

రాజరాజనరేంద్రుడు వేంగీరాజ్యము నేలిన 11వ శతాబ్దమున తెలుగునకు రెండు భాగ్యములు కలిగెను. నన్నయభట్టు మహాభారతమును తెలిగింప బూనెను. పావులూరి మల్లన గణితమును తెలిగించెను. మొదటివానిని ఎల్లరు నెరుగుదురు. రెండవవానిని తలచువారు కొందరే.

రాజరాజు వలన పిఠాపుర ప్రాంతమున నవఖండవాడ గ్రామము లభించినట్లు గణితగ్రంథములోని పద్యమే తెలుపుచున్నది. దానిని పొందిన మల్లనయే గ్రంథకర్తయా, లేక ఆ పేరు గల మనుమడా యని పండితులు వాదించిరి. గ్రంథమునకు మూలము 9వ శతాబ్దమున మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహము. మల్లన దానిని మక్కికి మక్కిగా తేలేదు. జైనుడైన మూలకర్త ఉదాహరణములకు మారుగా శైవసంప్రదాయమునకు తగినవానిని కూర్చెను. శాస్త్రమనిన సంస్కృతమే యనుకొను కాలమున అది సాహసమే.

చదరంగపు బల్లకు 64 గడులు. మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు. ఇట్లు రెట్టించుచు పోయినచో మొత్తము 18446744073709551615. ఈ 20 అంకెలను మల్లన ఒక్క చంపకమాలలో ఇమిడ్చెను. చంద్రుడన్న ఒకటి, మన్మథబాణములన్న ఐదు, వేదములన్న నాలుగు, ఆకాశమన్న సున్న. పదములను ఒకట్ల స్థానమునుండి ఎడమకు పేర్చవలెను. అందొక్క మాట జారినను లెక్కయంతయు తప్పును.

తనచేతను ఒకటిచేతను తప్ప మరి దేనిచేతను భాగింపబడనిది ప్రధానసంఖ్య. మల్లన సంఖ్య అట్టిది కాదు. చివర ఐదున్నది కనుక ఐదు భాగించునని నేడు బేగంపేట బడిలోని బాలుడైనను చెప్పగలడు. పెన్సిలు పట్టినచో 3, 17 కూడ భాగించునని చూపగలడు. కాని అందు 641 అను భాజకము దాగియున్నది. ఫ్రాన్సు గణితజ్ఞుడు ఫెర్మా 17వ శతాబ్దమున 4294967297 ప్రధానసంఖ్య యని నమ్మెను. 641 దానిని భాగించునని 1732లో ఆయిలరు చూపెను. ఆ 4294967297 మల్లన మొత్తమునకు భాజకమే.

గడుల సంఖ్య ప్రధానము కానిచో మొత్తమును ప్రధానము కానేరదు. అది ప్రధానమైనచో మొత్తము కొన్నియెడల ప్రధానమగును, కొన్నియెడల కాదు. 11 గడుల మొత్తమైన 2047ను 23 భాగించును. 31 గడుల మొత్తము 2147483647 ప్రధానమని 1772లో ఆయిలరు తెలిపెను. 61 గడుల మొత్తము 2305843009213693951 కూడ ప్రధానమని రష్యాదేశపు మతాచార్యుడు పెర్వూషిన్ 1883లో కనుగొనెను. మల్లన బల్ల తుదికి మూడు గడుల ముందే ఆ మహాసంఖ్య నిలిచియున్నది!

ఆ విచారము మల్లన చేసినది కాదు. అంత పెద్ద సంఖ్యను తప్పులేక పలుకుటకు తెలుగు చాలునని అతడు చూపెను. ఉపాధ్యాయులు ఈ లెక్కను నల్లబల్లపై వేయించినచో, అతని పేరు గణితపాఠమున మరల వినబడును.