పిల్లలకి కాదు, పెద్దలకి పాఠం చెప్పిన చలం

చలం అనగానే మనలో చాలామందికి ముందు మైదానం గుర్తొస్తుంది. హాస్టల్లో పీడీఎఫ్ రూపంలో ఫోన్లు మారే నవల అది. కొంచెం ఎక్కువ చదివినవాళ్ళకి స్త్రీ, ప్రేమలేఖలు, మ్యూజింగ్స్ తెలుసు. ఇంకొందరు, చివర్లో అరుణాచలం వెళ్ళిపోయాడు కదా అంటారు. కానీ ఇదే మనిషి పిల్లల పెంపకం మీద ఒక పుస్తకం రాశాడంటే మన బ్యాచ్‌లో నమ్మేవాళ్ళు తక్కువే. దాని పేరు బిడ్డల శిక్షణ. పేరు చూసి, మాట వినని పిల్లల్ని దారిలో పెట్టే చిట్కాలు ఉంటాయనుకుంటాం. తెరిస్తే క్లాసు పీకేది అమ్మానాన్నలకి. ఈ వ్యాసం ఆ చలం గురించి.

గుడిపాటి వెంకటచలం 1894 మే 18న మద్రాసులో పుట్టాడు. తండ్రి కొమ్మూరి సాంబశివరావు, తల్లి వెంకటసుబ్బమ్మ. తల్లి తరఫు తాత దత్తత తీసుకోవడంతో ఇంటిపేరు గుడిపాటి అయింది. పెరిగింది తెనాలిలో. ఆ ఇంట్లో చిన్న చలం చూసినవి రెండు విషయాలు. ఒకటి, తండ్రి వల్ల తల్లి పడ్డ బాధ. రెండోది, పెళ్ళి ఆగిపోయి చెల్లెలు లోలోపల పడ్డ నలుగుడు. రెండూ బయటికి కనపడే గాయాలు కావు. జ్వరమొస్తే వైద్యుణ్ణి పిలిచేవాళ్ళు గానీ, వంటింట్లో ఒక్కతే కూర్చుని కుమిలిపోయే మనిషికి ఏ మందూ లేదు. దానికొక పేరుందని కూడా ఎవరికీ తోచని కాలం అది. కానీ పిల్లాడు చూశాడు, చూసింది మర్చిపోలేదు. తర్వాత రాసిన ప్రతి పుస్తకం వెనకాల ఆ ఇల్లుంది.

1911లో కాకినాడ పిఠాపురం రాజా కాలేజీలో చేరాడు. అక్కడ రఘుపతి వెంకటరత్నం నాయుడు గారి ప్రభావంతో బ్రహ్మసమాజం వైపు వెళ్ళాడు. ఆచారాలు వదిలాడు. బంధువులకి దూరమయ్యాడు. చిట్టి రంగనాయకమ్మతో పెళ్ళయింది. బీఏ కోసం మద్రాసు వెళ్ళినప్పుడు భార్యని కూడా చదువులో పెట్టి, సైకిల్ మీద ఎక్కించుకుని స్కూలు దగ్గర దింపేవాడట. చూసినవాళ్ళు నవ్వారు. మామగారికైతే కోపం వచ్చి అల్లుణ్ణి ఇంటికే రానివ్వలేదని చెబుతారు. ఇప్పుడు మనకి అది క్యూట్ రీల్‌లా అనిపిస్తుంది. అప్పుడు మాత్రం కులం, ఇల్లు, చుట్టరికం అన్నీ పణంగా పెట్టిన పని.

తర్వాత ఉద్యోగం. ఉపాధ్యాయుల్ని తయారుచేసే స్కూళ్ళలో పాఠాలు చెప్పాడు, ఆ తర్వాత స్కూళ్ళ ఇన్‌స్పెక్టర్ అయ్యాడు. ఈ భాగాన్ని చలం అభిమానులు కూడా గబగబా దాటేస్తారు. నాకు మాత్రం ఇదే ముఖ్యం అనిపిస్తుంది. ఇన్‌స్పెక్టర్ అంటే ఊరూరూ తిరిగి బడులు చూసేవాడు. బెత్తం, బెంచీ ఎక్కించడం, అర్థం లేకుండా బట్టీ పట్టించడం, ఇవన్నీ పుస్తకాల్లో చదివి తెలుసుకున్నవాడు కాదు. ఉద్యోగంలో భాగంగా కళ్ళారా చూసినవాడు. శశిరేఖ 1921లో, మైదానం 1927లో వచ్చాయి. ఒక చేత్తో ఊళ్ళని మండించే నవలలు రాస్తూ, ఇంకో చేత్తో ప్రభుత్వ బడుల రిజిస్టర్లలో సంతకాలు పెట్టాడు.

బిడ్డల శిక్షణలో ఆయన వాదన సారాంశం చెప్పుకుంటే ఇలా ఉంటుంది. బిడ్డ తల్లిదండ్రుల ఆస్తి కాదు. పెద్దలు పిల్లల్ని కొట్టేది వాళ్ళ బాగు కోసం అని చెప్పుకుంటారు గానీ, చాలాసార్లు అది పెద్దల సొంత కోపం. ఎదురు తిరగలేనివాళ్ళ మీద తీర్చుకుంటారు. భయపెట్టి పెంచితే పిల్లాడికి మంచితనం రాదు, అబద్ధం చెప్పడం వస్తుంది. ఒకరంటే ఒకరికి పడని భార్యాభర్తల మధ్య పెరిగే బిడ్డ, ఎవరూ ఏమీ చెప్పకపోయినా, ఆ ఇంటి గాలిలో ఉన్నదంతా పీల్చుకుంటుంది. కాబట్టి శిక్షణ కావాల్సింది ముందు పెద్దలకి. మన భాషలో శిక్ష, శిక్షణ పక్కపక్కనే ఉంటాయి. ఇళ్ళల్లో మొదటిది ఇచ్చి రెండోది ఇచ్చామనుకుంటున్నారని చలం గోల.

ఇదంతా ఇప్పుడు కొత్తగా అనిపించకపోవచ్చు. ఇన్‌స్టాలో జెంటిల్ పేరెంటింగ్ వీడియోలు రోజూ కనిపిస్తాయి. కానీ కాలం చూడండి. మన దేశంలో పిల్లల మనసు కోసం చైల్డ్ గైడెన్స్ క్లినిక్ అనేది టాటా సంస్థ వాళ్ళు 1937లో బొంబాయిలో మొదలుపెట్టారు. లండన్‌లో పిల్లల డాక్టర్ డొనాల్డ్ విన్నికాట్ తల్లుల కోసం రేడియోలో మాట్లాడింది 1940లలో. తల్లి పర్ఫెక్ట్‌గా ఉండక్కర్లేదు, సరిపడా ఉంటే చాలు అన్నది ఆయన పేరు మీద నిలిచిపోయిన ఆలోచన. పసితనంలో తోడు తెగిపోతే బిడ్డ మనసుకి ఏమవుతుందో చెప్పే రిపోర్టుని జాన్ బౌల్బీ ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం 1951లో రాశాడు. చలం డాక్టరు కాదు, ఏ పరిశోధనా చేయలేదు. ఒక ఇంటిని, కొన్ని వందల క్లాసు గదుల్ని చూసి, ఆ దిక్కుకే నడిచాడు.

ఈ దారిలో ఇంకో పేరు చెప్పాలి. అమెరికాలో సెల్మా ఫ్రైబర్గ్ అనే ఆవిడ, 1970లలో మిషిగన్‌లో, పసిబిడ్డలున్న ఇళ్ళకి వెళ్ళి వైద్యం చేసేది. ఆఫీసులో సోఫా మీద కాదు, వంటింట్లో కూర్చుని, బిడ్డ అక్కడే ఉండగా, తల్లితో మాట్లాడేది. 1975లో సహచరులతో కలిసి రాసిన వ్యాసంలో ఆమె చెప్పిన విషయం ఏమిటంటే, ప్రతి ఉయ్యాల చుట్టూ కొన్ని దయ్యాలు తిరుగుతుంటాయి. అవి ఆ తల్లిదండ్రుల చిన్నతనం నుంచి వచ్చినవి. చిన్నప్పుడు తిన్న దెబ్బ, దొరకని ముద్దు, ఎవరూ వినని ఏడుపు. తన బాధ తనకి గుర్తొచ్చి, దాన్ని ఎవరైనా విన్నాక, తల్లి చెవులకి బిడ్డ ఏడుపు వినపడటం మొదలవుతుంది. మా సీఎస్‌ఈ వాళ్ళకి ఇన్‌హెరిటెన్స్ అంటే వెంటనే అర్థమవుతుంది. పేరెంట్ క్లాసులో ఉన్న బగ్‌ని చైల్డ్ క్లాసులో ఎంత వెతికినా దొరకదు. పైకెళ్ళి అక్కడ సరిచేయాలి. చలం చెప్పింది కూడా అదే. ఫ్రైబర్గ్ ఆ పైకి వెళ్ళే మెట్లు కట్టింది. అదే తేడా.

ఆ తేడా చిన్నది కాదు. అది తెలియాలంటే చలం సొంత ఇంట్లోకి వెళ్ళాలి. పిల్లలకి స్వేచ్ఛ ఇవ్వాలని రాసినవాడు, తన పిల్లలకి నిజంగానే ఇచ్చాడు. వేరేవాళ్ళ పిల్లల్నీ చేరదీశాడు. కానీ కొడుకు రవి చిన్నతనంలోనే పోయాడు. ఇంకో కొడుకు వసంత్ ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. భార్యాభర్తల మధ్య కూడా ఏళ్ళ తరబడి దూరం పెరిగింది. తల్లి కన్నీళ్ళు చూసి స్త్రీల కోసం జీవితాంతం రాసిన మనిషి ఇంట్లోనే రంగనాయకమ్మ గారు ఏం మోశారో మనం ఊహించుకోవాల్సిందే. చలాన్ని తిట్టేవాళ్ళు ఇక్కడే ఆగి, చూశారా, స్వేచ్ఛ ఇస్తే ఇంతే అంటారు. అభిమానులు ఈ పేజీ తిప్పేస్తారు. నాకు రెండూ సరిగ్గా అనిపించవు.

నాకు అర్థమైనంతవరకు సంగతి ఇది. ఇంట్లో తప్పెక్కడుందో కనిపెట్టడం ఒక పని. ఆ తప్పు మోసుకు తిరిగే మనిషిని కూర్చోబెట్టి, తీర్పు చెప్పకుండా వినడం ఇంకో పని. మొదటి పని చలం అందరికంటే గట్టిగా చేశాడు. రెండో పని ఆయనకి చేసిపెట్టేవాళ్ళు లేరు. బిడ్డ పోయిన తండ్రి ఎవరితో మాట్లాడాలి? ఆ తల్లి ఎవరితో మాట్లాడాలి? చలానికి ఊరు వేసిన ప్రశ్నలన్నీ నీతి గురించే. బాధ గురించి ఎవరు అడిగారు? ఆయన వెతుక్కున్న జవాబు మనలో చాలామంది పెద్దవాళ్ళు వెతుక్కునేదే, దేవుడు. స్నేహితుడు చింతా దీక్షితులు ద్వారా రమణ మహర్షి గురించి తెలిసింది. 1950లో బెజవాడ వదిలి, కుటుంబంతో సహా అరుణాచలం వెళ్ళిపోయాడు. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే మహర్షి దేహం చాలించారు. చలం మాత్రం అక్కడే ఉండిపోయాడు, 1979 మే 4న పోయేదాకా.

ఈ కథలో మన వైజాగ్ కూడా ఉంది. తండ్రి పోయాక కూతురు సౌరిస్ గారు భీమిలి వచ్చి ఉన్నారు. బీచ్ రోడ్డు పట్టుకుని రుషికొండ దాటి వెళ్తే వచ్చే భీమిలే. ఫొటోలకి, బొంగులో చికెన్‌కి మనం ఎన్నిసార్లు వెళ్ళి ఉంటామో. బిడ్డల శిక్షణ రాసిన మనిషి పెంచిన బిడ్డ అక్కడ ఉండేదని తెలిసి వెళ్ళినవాళ్ళు ఎంతమంది?

చలం లేకుండా గడిచిన ఈ కాలంలో కొన్ని మారాయి. కాన్పు తర్వాత తల్లికి వచ్చే దిగులుని కనిపెట్టడానికి 1987లో ఎడిన్‌బరోలో పది ప్రశ్నల పట్టిక తయారుచేశారు. గడిచిన ఏడు రోజుల్లో నవ్వగలిగారా, నిద్ర పట్టిందా, ఊరికే భయమేసిందా, ఇలాంటి మామూలు ప్రశ్నలే. బెంగళూరు నిమ్హాన్స్‌లో 2009 నుంచి తల్లినీ బిడ్డనీ కలిపి ఉంచి వైద్యం చేసే వార్డు ఉంది. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం, మానసిక వైద్యశాలలో చేరిన తల్లి నుంచి మూడేళ్ళ లోపు బిడ్డని మామూలుగా విడదీయకూడదు. మన ఊళ్ళో చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, కాకపోతే దాని పేరు మనం జోకులకే వాడతాం. 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు.

ఇన్ని ఉన్నా, ఇంట్లో సంగతి మాత్రం పెద్దగా మారలేదు. పురిటికి పుట్టింటికి వచ్చిన అక్కకి పథ్యం పెడతాం. ఘోషాసుపత్రికి తీసుకెళ్ళి బీపీ, బరువు, రక్తం చూపిస్తాం. బిడ్డ పుట్టాక వచ్చిన చుట్టాలందరూ బిడ్డ ఎవరి పోలికో తేల్చేసి వెళ్తారు. రాత్రి నిద్ర పడుతోందా, ఏడుపొస్తోందా అని ఆ అక్కని అడిగేవాళ్ళు ఎవరు? బావనైతే ఆ ఇద్దరిలో ఒకడిగా కూడా లెక్కపెట్టం. స్వీట్లు పంచడం అయిపోగానే ఆయన డ్యూటీకి వెళ్ళిపోతాడు.

మనలో చాలామంది ఇంకో పదేళ్ళలో అమ్మలు, నాన్నలు అవుతాం. అప్పటిదాకా ఆగక్కర్లేదు, పిన్నిగానో మావయ్యగానో ఇప్పటికే కొందరు ప్రమోషన్ కొట్టేశారు. ఈసారి ఇంటికెళ్ళినప్పుడు బిడ్డని ఎత్తుకునే ముందు తల్లి పక్కన ఐదు నిమిషాలు కూర్చోండి. సలహా వద్దు. ఎలా ఉన్నావని అడిగి, చెప్పేది పూర్తిగా వినండి. బాధ ఎక్కువగా ఉంటే డాక్టరు దగ్గరికి తోడు వెళ్ళండి. తెనాలిలో ఒక ఇంట్లో వెంకటసుబ్బమ్మ గారిని అలా అడిగినవాళ్ళు ఉండి ఉంటే ఆవిడ బతుకు కొంచెం తేలికయ్యేదేమో. తెలుగు సాహిత్యానికి ఒక చలం తక్కువైనా, అది మంచి బేరమే.