జంట నక్షత్రముల రహస్యము

మిథునరాశిలో కాస్టర్ అను ప్రకాశవంతమైన తార కలదు. మన పెద్దలు పునర్వసు అని పిలుచు తారలలో అది యొకటి. కంటికి ఒక్కటిగా గోచరించు ఆ తార దూరదర్శినిలో రెండుగా కనిపించును. ఆ రెండింటికిని గల సంబంధమును లోకమునకు తెలిపినవాడు విలియం హెర్షెల్.

ఆయన 1738వ సంవత్సరమున జర్మనీ దేశమందలి హానోవరు నగరమున జన్మించెను. తండ్రి సైనిక వాద్యబృందమున వాద్యకుడు. కుమారుడును ఆ వృత్తినే చేపట్టెను. 1757లో ఇంగ్లండు చేరి, తరువాత బాత్ నగరమున సంగీతోపాధ్యాయుడై జీవించెను. పగలు సంగీతము, రాత్రి నక్షత్ర వీక్షణము ఆయనకు నిత్యకృత్యములు. పెద్ద దూరదర్శినిని కొనుటకు ధనము చాలకపోగా, లోహపు దర్పణములను తానే సానపట్టుకొనెను. ఒకప్పుడు 16 గంటలసేపు దర్పణము నుండి చేయి తీయలేదు. చెల్లెలు కరోలిన్ అన్నకు ఆహారమును నోటికందించెను. 1781లో ఆయన యురేనస్ గ్రహమును కనుగొని కీర్తి గడించెను.

నక్షత్రములెంత దూరమున నున్నవో తెలిసికొనవలెనని ఆయన సంకల్పము. దగ్గరగా కనిపించు రెండు తారలలో ప్రకాశించునది సమీపమునను, మసకగా నున్నది దూరమునను ఉండునని ఆయన తలచెను. భూమి సూర్యుని చుట్టు తిరుగునప్పుడు సమీపతార కొంచెము జరిగినట్లు కనిపించవలెను. ఆ జరుగుబాటును కొలిచినచో దూరము తేలును. ఇందులకై ఆయన 800లకు పైగా జంటలను పట్టికలకెక్కించెను.

ఏండ్లు గడచినను కోరిన ఫలితము లభింపలేదు. కాని పాత కొలతలను క్రొత్తవానితో పోల్చి చూడగా, 25 ఏండ్లలో కాస్టర్ జంట స్థితి మారినది. ఆ మార్పు భూమి గమనము వలన కలిగినది కాదు. ఆ తారలే ఒకదాని చుట్టు ఒకటి తిరుగుచుండెను. 1803లో ఆయన ఈ సత్యమును ప్రకటించెను. ఒకే దూరమున నున్న రెండు తారలలో ఒకటి మిక్కిలి ప్రకాశించుచు, వేరొకటి మసకగా నుండుటచే, కాంతిని బట్టి దూరము నెంచు ఆయన పద్ధతియే సరికాదని తేలెను. తన నమ్మికకు విరుద్ధమైనను హెర్షెల్ ఆ సత్యమును దాచలేదు.

ఆయన సుమారు 2,500 నీహారికలను, నక్షత్రగుచ్ఛములను కూడ నమోదు చేసెను. గుచ్ఛములలోని తారలను లెక్కించువారికి జంటల జ్ఞానము నేడును అవసరము. దూరపు గుచ్ఛమున జంట ఒకే తారగా కనిపించును. సమానమైన రెండు తారలు కలిసి రెండింతల కాంతినిచ్చును. దానిని ఒక్కటిగా నెంచినచో తారల సంఖ్యయు, ద్రవ్యరాశియు తప్పిపోవును. మరియు జంటలో ఒక తార రెండవదాని ద్రవ్యమును గ్రహించి, ముదుసలియైనను యౌవనమున నున్నట్లు నీలకాంతితో వెలుగవచ్చును. అందుచే శాస్త్రజ్ఞులు గుచ్ఛముల వయస్సును నిర్ణయించునప్పుడు జంటలను మరువరాదు.

1822లో, 83 ఏండ్ల వయస్సున హెర్షెల్ మరణించెను. ఆయన వెదకిన దూరము ఆయనకు దొరకలేదు. కాని కొలతలను ఓర్పుతో భద్రపరచి, అవి చూపిన దారినే నడచుటచే, అంతకంటె గొప్ప సత్యము ఆయనకు లభించెను.