చీమల నెఱిగిన వైద్యుడు

థామస్ జెర్డన్ 1811వ సంవత్సరమున ఇంగ్లండులో జన్మించెను. ఎడింబరోలో వైద్యవిద్య నభ్యసించి, ఈస్టిండియా కంపెనీ కొలువున 1836లో చెన్నపట్టణము చేరెను. ఆతనిని మొదట గంజాం జిల్లాకు పంపిరి. నేటి శ్రీకాకుళపు ప్రాంతము నాడా జిల్లాలోనిదే. జ్వరములచేతను, రక్తగ్రహణిచేతను కృశించుచున్న సిపాయిలకు మందిచ్చుట ఆతని విధి. అయినను తీరిక చేసికొని తూర్పు కనుమల పక్షులను పరిశీలించెడివాడు.

పక్షులతో మొదలైన ఆ చూపు క్రమముగా చీమలపై బడెను. మనము గండుచీమ, చలిచీమ, ఎఱ్ఱచీమ యని మూడు మాటలలో తేల్చి, దులిపివేయుదుము. జెర్డన్ అట్లు చేయలేదు. దవడల తీరు, నడుము కణుపులు, పొడవు, రంగు, గూటి విధము వ్రాసికొని జాతులను వేఱుపఱచెను. వైద్యునకు రోగి నాడి యెట్టిదో ఆతనికి చీమ నడుము అట్టిది కాబోలు! 1851లో దక్షిణ హిందూదేశపు చీమల పట్టికను మద్రాసు పత్రికలో ప్రకటించెను.

అందొక చీమకు దవడలు పొడవు, కన్నులు పెద్దవి. బెదరినచో ఎగిరి దుముకును. దానికి గంతులు వేయునదను నర్థమున ‘సాల్టేటర్’ అని లాటిను పేరు పెట్టెను. రాణి చచ్చినచో ఈ జాతి పనిచీమలే కొన్ని గ్రుడ్లు పెట్టునని తరువాతివారు కనుగొనిరి. జెర్డన్ 1872లో ఇంగ్లండున మరణించెను. 2010లో శాస్త్రజ్ఞులు ఆ చీమ జన్యుక్రమమును చదివి, ఆతడిచ్చిన పేరుతోనే ప్రకటించిరి.