మేరీ క్యూరీ: వెలుగు వెనుక నీడ

మేడం క్యూరీ పేరు వినని విద్యార్థి యుండడు. 1867లో పోలండు దేశమున వార్సా నగరమందు ఉపాధ్యాయుల యింట జన్మించి, పారిస్ చేరి, పేదరికముతో పోరాడుచు చదివి, భర్త పియరీతో కలసి 1898లో పొలోనియము, రేడియము అను మూలకములను కనుగొన్న విదుషీమణి యామె. వాన కురిసిన కారెడి పాకలో టన్నులకొలది ఖనిజమును మరిగించి, 1902 నాటికి గ్రాములో పదవ వంతు రేడియపు లవణమును వేరు చేసెను. 1903లో భౌతిక శాస్త్రమునందు, 1911లో రసాయన శాస్త్రమునందు నోబెల్ బహుమానము లందుకొనెను. ఇంతవరకు మన పాఠములు చెప్పుచునే యున్నవి. తరువాతి కథయు విద్యార్థు లెరుగదగినదే.

రేడియము కలిపిన రంగు చీకటిలో మెరయును. వర్తకులకది బంగారు గని యయ్యెను. అమెరికాలోని ఆరెంజ్ పట్టణమున యువతులు ఆ రంగుతో గడియారములపై అంకెలు వ్రాసెడివారు. కుంచె మొన సన్నబడుటకై పెదవుల నడుమ నుంచి సవరించుకొనుట వారి పని పద్ధతి. కొన్ని యేండ్లకు పండ్లూడెను, దవడ యెముకలు కుళ్లెను, కొందరు మరణించిరి. యాజమాన్యము తానే పిలిపించిన హార్వర్డు పరిశోధకులు రేడియమే హేతువని తేల్చగా, ఆ నివేదికను మరుగుపరచి ప్రభుత్వమునకు వేరు మాట చెప్పెను. 1928లో ఐదుగురు స్త్రీలు వ్యాజ్యము నడిపి, రాజీ మూలమున పరిహారము పొందిరి. ఆ రంగును కల్పించిన డాక్టరు సొచాకీయు ఆ యేడే అదే విషమునకు బలియయ్యెను.

మరి మేరీ యేమి చేసెను? 1925లో ఫ్రాన్సున ఇద్దరు ఇంజనీర్లు మరణింపగా, వైద్య పరిషత్తు నియమించిన సంఘమున ఆమెయు సభ్యురాలు. కార్ఖానాలకు సీసపు తెరలు, తరచు రక్తపరీక్షలు అవసరమని ఆ సంఘము నిర్ణయించెను. శిష్యులకు నియమములు విధించిన మేరీ తాను మాత్రము వానిని పాటింపలేదు. వ్రేళ్లు కాలినను, కన్నులు మసకబారినను, తన రేడియమును నిందించుటకు ఆమె మనసొప్పలేదు. 1934 జులై 4న రక్తము పుట్టుట సన్నగిలిన వ్యాధితో మరణించెను. మొదటి ప్రపంచ యుద్ధకాలమున క్షతగాత్రుల సేవలో సోకిన ఎక్స్-కిరణములే ప్రధాన కారణము కావచ్చునని 1995లో నిపుణులు భావించిరి.

మేరీ ప్రమాదమును ప్రేమతో వరించెను. ఆరెంజ్ యువతులకు అది ప్రమాదమనియే తెలియనీయలేదు. ఈ రెండింటికిని గల భేదమే అసలు పాఠము. నేడు మన హైదరాబాదున అణు ఇంధన సముదాయమున గాని, హైటెక్ సిటీ ఆసుపత్రుల ఎక్స్-రే గదులలో గాని పనిచేయువారి ఛాతీపై చిన్న బిల్ల యొకటి యుండును. వారికి సోకిన కిరణముల పరిమాణమును అది చెప్పును. కార్మికునకు సత్యము తెలియుట హక్కేగాని దయ గాదని ఆ బిల్ల చాటుచున్నది. దాని వెనుక నున్నది ఆ పడతుల ప్రాణము.